రైలు కన్న ఊరికి రైలే దూరమైతే

కెనడా మ్యాప్ తీసి, సస్కాచెవాన్ రాష్ట్రంలోని మెల్విల్ దగ్గర్నుంచి పడమరకు రైలు పట్టాల వెంట వేలు జరుపుతూ వెళ్లండి. ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెల్లిహర్, లెరాస్. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఎఫ్ నుంచి ఎల్ దాకా స్టేషన్లు తగులుతాయి. మన దగ్గర ఊరుంటే రైలొచ్చింది, అక్కడ రైలొచ్చాక ఊళ్లు పుట్టాయి. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేసి, పేర్లు పెట్టి, ప్లాట్లు కొలిచి అమ్మింది. అలాగని అది ఖాళీ నేల కాదు, క్రీ, సోటో జాతులు తరతరాలుగా తిరిగిన గడ్డి మైదానం. 1874లో ప్రభుత్వంతో కుదిరిన నాలుగో ఒప్పందం తర్వాత వాళ్లను చిన్న చిన్న రిజర్వుల్లోకి నెట్టారు.

మెల్విల్‌కు ఆ పేరు కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ మెల్విల్ హేస్ నుంచి వచ్చింది. 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయినవాళ్లలో ఆయనా ఒకడు. 1919కల్లా కంపెనీ దివాలా తీస్తే, దాన్ని ప్రభుత్వం తీసుకుని కెనడియన్ నేషనల్‌లో కలిపేసింది.

ఆవిరి ఇంజన్ల కాలంలో సుమారు 200 కిలోమీటర్లకోసారి ఇంజన్లు మార్చాలి, డ్రైవర్లూ గార్డులూ మారాలి. అలాంటి మజిలీయే మెల్విల్. లోకో షెడ్డు, యార్డు, ఎప్పుడు పిలుపొచ్చినా డ్యూటీకి బయల్దేరే కుటుంబాలు... నెల్లూరు జిల్లా బిట్రగుంటను ఎరిగినవాళ్లకు ఈ బతుకు వేరే చెప్పక్కర్లేదు. మెల్విల్ ఐస్ హాకీ జట్టు పేరు మిలియనీర్స్, 1915లో దేశం మొత్తమ్మీద అమెచ్యూర్ కప్పు గెలిచింది, ఇప్పటి జట్టుదీ అదే పేరు. 1950ల్లో డీజిల్ ఇంజన్లు వచ్చాక అన్నిసార్లు ఆగే పని లేకుండా పోయింది, షెడ్డు పనులు తగ్గాయి, బిట్రగుంటకు జరిగిందే ఇక్కడా జరిగింది.

డీజిల్‌ను నేను తప్పుపట్టను. నా బాధంతా 1995 గురించి. ఆ ఏడాదే కెనడియన్ నేషనల్‌ను ప్రైవేటుపరం చేశారు, ధాన్యం రవాణాకు 1897 ఒప్పందం నాటి చౌక రేటుకు వారసత్వంగా వస్తున్న ప్రభుత్వ రాయితీని కూడా అదే ఏడాది ఎత్తేశారు. పక్క ఊరి స్టేషన్ దగ్గరే ధాన్యం దించుకునే రైతు, చెక్క ఎలివేటర్లు (ధాన్యం నిల్వచేసి రైలుకెక్కించే గోదాములు) కూల్చేశాక, దూరాన కట్టిన కాంక్రీటు గిడ్డంగి దాకా సొంత ఖర్చుతో లారీ తోలాల్సి వచ్చింది. ఎలివేటర్ పోయిన ఊళ్లో మెల్లగా కొట్టు మూతపడుతుంది, ఆ తర్వాత బడి.

మెల్విల్ ఇంకా నిలబడే ఉంది, నాలుగున్నర వేల జనాభాతో, రాష్ట్రంలోకెల్లా చిన్న నగరంగా. కానీ కారు లేని ముసలావిడ 140 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని రాష్ట్ర రాజధాని రెజైనాకు డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్తుంది? ప్రభుత్వ బస్సు సంస్థను 2017లో మూసేశారు, మరుసటి ఏడాది గ్రేహౌండ్ బస్సులూ పోయాయి. టొరంటో నుంచి వాంకూవర్ వెళ్లే ప్యాసింజర్ రైలు వారానికి రెండుసార్లు వస్తుంది గానీ అది రెజైనా మీదుగా పోదు, పైగా పట్టాలు సరుకు రవాణా కంపెనీవి కాబట్టి గూడ్సు బండి వస్తే పక్క లైన్లో గంటలకొద్దీ ఆగిపోతుంది. జనం డబ్బుతో దశాబ్దాలపాటు నడిచిన లైను అది. దాన్ని అమ్మినప్పుడే ప్యాసింజర్ బండికి ముందు దారివ్వాలని, ఊళ్లను కలిపే బండి ఒకటి రోజూ నడపాలని షరతు పెట్టాల్సింది. ఇప్పుడైనా చట్టం చేయొచ్చు, దానికి అడ్డం వస్తున్నది డబ్బు కాదు, పట్టింపు లేకపోవడం.

ఇదంతా మనకెందుకు అనుకోకండి, మన దుకాణాల్లో దొరికే ఎర్ర మసూర్ పప్పులో కొంత సస్కాచెవాన్ పొలాలదే, రైళ్ల మీదే ఓడరేవు చేరుతుంది. మెల్విల్‌లో 1908 నాటి రెండంతస్తుల స్టేషన్‌ను ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి బాగుచేసుకుంటున్నారు. దాని కిటికీల ముందు నుంచే రెండు మూడు కిలోమీటర్ల పొడవు గూడ్సు బండ్లు రాత్రీ పగలూ వెళ్తున్నాయి.