సవరణ: ఐదింటికి లేవమన్న పోస్టు, అనంతపురం ఉచిత కోచింగ్ సెషన్ వివరాలు

పోయిన వారం పోస్టులో "తెల్లారి ఐదింటికి లేచి గంటసేపు మీకోసం కేటాయించుకోండి, కుదరదనేది సాకు" అని రాశాను. ఆ వాక్యం తీసేశాను. నాకు ఆ గంట దొరికేది పొయ్యి దగ్గర మా అమ్మ ఉంటుంది కాబట్టి. కుళాయి దగ్గర బిందె వరసలో పెట్టి, సద్ది కట్టుకుని, చెనిక్కాయ చేలో కూలికి పోయే ఆవిడకి ఆ గంట ఎక్కడిది? ఇంకోటి, నా ఇంటిపేరు వినగానే ఇక్కడ చాలా ఇళ్లలో కుర్చీ వేస్తారు. అది నా కోచింగ్ గొప్ప కాదు.

అదే పోస్టులో "ఆడవాళ్లకి ఏ బస్సైనా ఫ్రీ" అన్నదీ సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్‌లకే. సూపర్ లగ్జరీకి టికెట్ కొనాల్సిందే. రాష్ట్రంలో ఉండే ట్రాన్స్‌జెండర్లకీ ఇది వర్తిస్తుంది, ముందు రాయలేదు. రాత్రి ఊరి బస్సు దొరకదన్న టెన్షన్ లేకుండా సెషన్ సాయంత్రం నుంచి ఉదయం పదకొండుకి మార్చాను.

లిఫ్టు లేని మేడ వద్దనుకుని కింది హాలు తీసుకున్నాం. వైకల్యం సర్టిఫికెట్ అడగం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా (రక్తానికి సంబంధించిన జబ్బు) లాంటివి చూస్తే తెలిసేవి కావు. ఏ ఏర్పాటు కావాలో చెప్తే చాలు.

నేను డాక్టర్ని కాదు. నిద్రపట్టక, బతకాలనిపించక ఉన్నవాళ్లు సెషన్ దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.