దవడ ఎముక లోపల చూడకుండా స్క్రూ దింపకండి

మా నాన్నగారికి 64 ఏళ్లండి. కింద కుడివైపు పన్ను పోయి చాలా ఏళ్లైంది, నమలడానికి ఇబ్బందిగా ఉందని ఇంప్లాంట్ (దవడ ఎముకలోకి స్క్రూ దింపి దాని మీద పెట్టే కట్టుడు పన్ను) వేయించుకున్నారు. ఎనిమిది నెలలైంది, కింది పెదవి సగం, గడ్డం కుడిపక్క ఇంకా మొద్దుబారే ఉంది. టీ గడ్డం మీదకి కారినా ఆయనకి తెలీదు, అమ్మ తువ్వాలు అందిస్తే తుడుచుకుంటారు. షేవింగ్‌లో తెగితే అద్దంలో రక్తం కనపడ్డాకే తెలుస్తుంది. ఆ తువ్వాలు అందుకునేటప్పుడు ఆయన మొహం చూడలేకపోతున్నాను.

మా ఊరికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఓపీజీ అనే ఎక్స్‌రే ఒక్కటే తీసి వేసేశారు. ఓపీజీ దవడంతా ఒకే ఫొటోలో చూపిస్తుంది గానీ సైజు పెంచి చూపిస్తుంది, ఎముక వెడల్పు ఎంతుందో అందులో అస్సలు తెలీదు. పన్ను పీకేసిన చోట ఎముక ఏళ్ల తరబడి కరిగి సన్నబడుతుంది, దాని కిందే సన్న గొట్టం లాంటి దారిలో పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది, స్క్రూ కొసకీ ఆ దారికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లన్నా వదలాలి. తర్వాత రాజమండ్రి వెళ్లి సీబీసీటీ (ఎముక లోతు, వెడల్పు కూడా చూపించే 3డీ ఎక్స్‌రే స్కాన్) తీయిస్తే కొస ఆ దారిలోకే దిగి ఉంది! అదే స్కాన్ ముందు తీసుంటే పొట్టి స్క్రూ వేసేవారు కదా.

ఇప్పుడు చుట్టాలొకాయన, అమ్మక్కూడా ఒకటి వెయ్యాలంటే, "ఎక్స్‌రేలు దేనికండీ, దవడక్కూడా అల్ట్రాసౌండ్ వచ్చిందంట, రేడియేషనే ఉండదంట" అన్నారు. రేడియేషన్ ఉండదన్నది నిజమే. బుగ్గ మీద ఒక పరికరం, నోట్లో ఒకటి పెట్టి శబ్దాన్ని దవడలోంచి పంపి, అవతలికి ఎంత చేరిందో బట్టి ఎముక గట్టిగా ఉందా గుల్లబారిందా అని అంచనా వేసే పద్ధతి ఉంది. చిగురు మందం కొలవడానికీ అల్ట్రాసౌండ్ బాగానే పనికొస్తుంది. మనం కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి ఊపి నీళ్ల చప్పుడు బట్టి కాయ ముదిరిందో లేదో చెప్పెయ్యమా, శబ్దంతో ఎముక గట్టిదనం చెప్పడమూ అలాంటిదే. కానీ ఊపినంత మాత్రాన లోపల కొబ్బరి ఎన్ని మిల్లీమీటర్లుందో చెప్పగలమా? మామూలు అల్ట్రాసౌండ్‌లో అయితే శబ్దం చాలామటుకు ఎముక పైపొర తగిలి వెనక్కొచ్చేస్తుంది, నరం ఎంత లోతులో ఉందో కొలవాలంటే ఇప్పటికి సీబీసీటీయే దిక్కు.

పైగా మన దేశంలో అల్ట్రాసౌండ్ మెషిన్లకి లింగ నిర్ధారణని ఆపడానికి తెచ్చిన 1994 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్లు, రికార్డులు ఉంటాయి, ఆ చట్టం ఉండాల్సిందే, అందుకే పళ్ల క్లినిక్‌లో అది అంత తేలిగ్గా వచ్చి కూర్చోదు. వచ్చిన రోజున ఎముక మెత్తదనం చూడ్డానికి వాడండి, సంతోషిస్తాను, కానీ సీబీసీటీ ఎగ్గొట్టడానికి మాత్రం వాడొద్దు.

బుధవారం అమ్మని రాజమండ్రి తీసుకెళ్తున్నాను. నరం పైన ఎన్ని మిల్లీమీటర్ల ఎముకుందో డాక్టరు గారు స్క్రీన్ మీద కొలిచి చూపించాకే ఇంప్లాంట్‌కి డేట్ అడుగుతాను.