సవరణ: పత్తిలో కలిసేది ప్లాస్మిడ్ మొత్తం కాదు

గుణుపురం వైపు పత్తి వేసే మనవాళ్ల కోసం రాసిన మొన్నటి పోస్టులో "ప్లాస్మిడ్ వెళ్లి పత్తి క్రోమోజోములో కలిసిపోతుంది" అని ఉంది. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్ఏ వలయం. దాన్ని "ప్లాస్మిడ్‌లోని ఒక ముక్క కలుస్తుంది" అని మార్చి చదువుకోండి.

2002లో మన దేశంలో అనుమతి వచ్చిన బీటీ పత్తిలోకి పురుగును చంపే జన్యువును చేర్చింది ఆగ్రోబాక్టీరియం ద్వారా. గులాబీ మొదళ్లలో గడ్డలు తెప్పించే మట్టి బాక్టీరియా ఇది. దాని సహజ ప్లాస్మిడ్ సుమారు 2 లక్షల బేస్ జతల (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) వలయం. అందులో టీ-డీఎన్ఏ అనే భాగానికి రెండు పక్కలా 25 బేస్ జతల హద్దులుంటాయి, పొలానికి గట్లలాగా. మొక్కలోకి చేర్చాలనుకున్న జన్యువును ఈ భాగంలోనే పెడతారు. విర్‌డీ2 అనే ప్రొటీన్ అక్కడ డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకదాన్నే తెంపి, దాని కొసకు అతుక్కుని మొక్క కణంలోకి వెళ్తుంది. వలయం బాక్టీరియాలోనే ఉండిపోతుంది.

అతుకు వేసేది మాత్రం మొక్కే! తెగిన తన డీఎన్ఏను బాగుచేసుకునే పనిలో ఈ ముక్కనూ కలిపేసుకుంటుంది. అందుకే అది ఏ క్రోమోజోములో ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. ఒక్కోసారి హద్దు దాటి ప్లాస్మిడ్ మిగతా భాగమూ కొంత వచ్చేస్తుంది. అలాంటి మొక్కల్ని పరీక్షించి ఏరేస్తారు.

పత్తి చెక్క తిన్న గేదెకూ ఈ జన్యువు అంటుకుంటుందా అని ఒకాయన టెన్షన్ పడ్డారు. చెక్కలో ఉండేది పత్తి డీఎన్ఏ. మిగతా మేతలోని డీఎన్ఏలాగే కడుపులో ముక్కలైపోతుంది.