గద దించితేనే ప్రాణదానం

యుద్ధం మధ్యలో స్నేహితుడు నెత్తుటి మడుగులో పడున్నాడు. పక్కనే క్లెరిక్, అంటే దేవుణ్ణి కొలిచి మంత్రాలు వేసే యోధుడు. ఒక చేతిలో గద, రెండో చేతిలో డాలు, డాలు మీద ఆయన కొలిచే దేవుడి గుర్తు. ముట్టుకుని 'క్యూర్ వూండ్స్' వేస్తే మనిషి బతుకుతాడు. వేయకూడదు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ప్రకారం ఆ మంత్రానికి ముద్ర పట్టాలి, ముద్రకి ఖాళీ చెయ్యి కావాలి.

మరి దీవించే మంత్రం 'బ్లెస్'? అది భేషుగ్గా వేయొచ్చు. దానికి ముద్రతో పాటు పవిత్ర జలమూ కావాలి. జలం బదులు దేవుడి గుర్తు చాలు, గుర్తున్న చేత్తోనే ముద్రా పట్టొచ్చు. అంటే అదనంగా సామగ్రి అడిగే మంత్రం సులువు, ఏమీ అడగనిది కష్టం. ఇంతటి ధర్మసూక్ష్మం భీష్ముడికైనా తట్టి ఉండదు.

అందుకని ఆటలో ఆరితేరినవాళ్లు గదను కింద పడేస్తారు. పడేయడం ఉచితం. మంత్రం వేసి, గద ఎత్తుకుంటారు. టర్నుకి ఒక వస్తువు ఎత్తడమూ ఉచితమే. అదే బుద్ధిగా నడుముకి తగిలించుకున్నారో, ఆ ఒక్క ఉచితమూ అక్కడే ఖర్చు. కాబట్టి మహాభక్తుడు 6 సెకన్లకోసారి, అంటే టర్ను టర్నుకీ, గద దభీమని పడేసి, ఎత్తి, మళ్లీ పడేసి, మళ్లీ ఎత్తి... ఎదురుగా ఉన్న ఓగర్ రాక్షసుడు ఇదేదో వ్రతం కాబోలని మర్యాదగా చూస్తుంటాడు. 'వార్ క్యాస్టర్' అనే ప్రత్యేక నైపుణ్యం (ఫీట్) తీసుకుంటే ఈ బెడద ఉండదట. రోగమూ పుస్తకంలోదే, మందూ పుస్తకంలోదే.

అన్నట్టు, గాయం మాన్పే ఇంకో మంత్రం 'హీలింగ్ వర్డ్'కి చేతులే అక్కర్లేదు. 60 అడుగుల దూరం నుంచి కేకేస్తే చాలు. అదే 2014 పుస్తకంలో, వార్లాక్ అనే మాంత్రికుడు వేసే 'ఎల్డ్రిచ్ బ్లాస్ట్' ప్రాణుల మీదే తప్ప తలుపు మీద పడదు. ఎదురుగా ఉన్నది పెట్టో, పెట్టె వేషంలోని మిమిక్ అనే రాక్షసో తేల్చుకోవాలా? బ్లాస్ట్ వేస్తానని ఆట నడిపే డంజన్ మాస్టర్‌ని అడగండి. సరేనంటే అది రాక్షసి.

మంత్రానికి హద్దులు వద్దని కాదు. ఫాంటసీ రచయిత జాక్ వాన్స్ కథల్లోంచి, ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ తెచ్చుకున్న పాత పద్ధతిలో, మంత్రం వేయగానే మాంత్రికుడి బుర్రలోంచి చెరిగిపోయేది. ఉన్న ఒక్కటీ ఇప్పుడే వాడాలా, దాచాలా అని గుండె పీకేది. అదీ హద్దంటే. చేతులు లెక్కపెట్టడంలో ఏం గుండె పీకుతుంది?

మొదటిసారి ఆటకొచ్చిన అమ్మాయి, "డాలు అవతల పారేసి వాడి గుండె మీద చెయ్యి పెడతా" అంటుంది. బల్ల చుట్టూ అందరికీ ఆ దృశ్యం కళ్లకు కట్టింది. అప్పుడొక మేధావి పేజీలు తిప్పుతూ, "డాలు తీయడానికి ఒక యాక్షన్ పడుతుంది, మంత్రం వచ్చే టర్నులో" అంటాడు. ఒరే, మనిషి చస్తున్నాడురా అక్కడ! ఆ పిల్ల ఊహని చంపడానికా నువ్వు పుస్తకం కొన్నది? రాసినవాళ్లకి కనీసం డబ్బు ముట్టింది. నీకేం ముట్టిందని ఈ కాపలా?

డంజన్ మాస్టర్ చేయాల్సిన న్యాయం ఒక్కటే. ఆ పుస్తకం లాక్కుని, దాని మీద సమోసాల ప్లేటు పెట్టి, "ప్రాణమెంత వచ్చిందో చూద్దాం, ఎనిమిది ముఖాల పాచిక వెయ్యమ్మా" అనాలి.