సవరణ: లారీ సీటు కుదుపుల లెక్క

లారీ డ్రైవర్ల నడుం నొప్పి గురించి మొన్న పెట్టిన పోస్టులో, 8 గంటల డ్యూటీకి లెక్కగట్టిన కుదుపు 0.5 మీ/సె² దాటితే యూరప్‌లో చట్టవిరుద్ధమని రాశాను. అది తప్పు. యూరోపియన్ యూనియన్ 2002 నాటి ఆదేశంలో రెండు అంకెలున్నాయి. 0.5 దాటితే కుదుపు తగ్గించే ఏర్పాట్లు యజమాని మొదలుపెట్టాలి. దాటకూడని హద్దు మాత్రం 1.15.

ఎయిర్ సీటు (అడుగున గాలి సంచి స్ప్రింగులా పనిచేసే సీటు) వేయిస్తే ఇక బాధ లేదని నేనన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. అలా అనలేదు. కూర్చున్న మనిషి ఒంటికి ఎక్కువగా తగిలేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు ఊపు. దాన్ని మంచి ఎయిర్ సీటు బాగానే ఆపుతుంది. సెకనుకు ఒకటి రెండు సార్లు వచ్చే నిదానపు ఊపును మాత్రం అదే సీటు పెంచవచ్చు కూడా. పెద్ద గుంతలో పడితే సీటు అడుగుకు కొట్టుకుని దెబ్బ వెన్నుకు తగులుతుంది; డ్రైవరు బరువుకు సర్దని సీటైతే మరీను.

కమాన్ కట్టల (బండి కింద ఉండే ఇనుప పట్టీల స్ప్రింగుల) మీద ఖాళీ బండే ఎక్కువ ఎగురుతుందని ఆ పోస్టులో రాసిన మాటను అలాగే ఉంచుతున్నాను. అది డ్రైవర్లకు నేను చెప్పాలా!