కోవిడ్ వచ్చి పోయినవాడికి రెండో డోసు ఎందుకు?

(2021. అక్క డాక్టర్. తమ్ముడు ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (వైరస్ స్పైక్ ప్రోటీన్‌ను తయారుచేసే సూచనలు ఒంటికి అందించేది) ఒక డోసు వేయించుకుని, తనకు ముందే కోవిడ్ వచ్చి పోయింది కాబట్టి రెండోది వద్దని మొరాయిస్తున్నాడు.)

తమ్ముడు: మొదటి సూదికే ఒళ్లు కాలిపోయింది, చెయ్యి పైకి లేవలేదు. నా ఒంటికి వైరస్ గుర్తుండబట్టే కదక్కా!

అక్క: జ్వరంతో ఇమ్యూనిటీని కొలవలేంరా. ముందే సోకినవాళ్లకు మొదటి డోసుతో ఇలాంటి ఇబ్బందులు ఎక్కువన్నది మాత్రం నిజమే.

తమ్ముడు: యాంటీబాడీల లెక్క చూడు మరి. న్యూయార్క్‌లో పరీక్షిస్తే, ఒక్క డోసుకే సోకనివాళ్లకంటే 10 నుంచి 45 రెట్లు ఎక్కువ వచ్చాయి. రెండో డోసుతో పెద్దగా పెరగలేదు కూడా.

అక్క: ఎందుకు పెరుగుతాయి? సోకినప్పుడు తయారైన మెమరీ బి కణాలు, అంటే వైరస్‌ను గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేయించేవి, అప్పటికే కాచుకుని ఉన్నాయి. టీకా వల్ల, వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ మళ్లీ కనబడగానే కొద్ది రోజుల్లోనే విజృంభించాయి. అందరికీ మొదటిదైన డోసు వాళ్లకు బూస్టర్ అయింది.

తమ్ముడు: నేనంటున్నదీ అదే! ఫ్రాన్స్ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలోనే సోకినవాళ్లకు ఒక్క డోసు చాలంది.

అక్క: ఇమ్యూనిటీ దెబ్బతిన్నవాళ్లను మినహాయించి అంది. పైగా ఇవన్నీ గుంపు లెక్కలు. లక్షణాలు పెద్దగా లేనివాళ్లలో కొందరికి యాంటీబాడీలు అంతంతమాత్రమే.

తమ్ముడు: సింగపూర్ సంగతేంటి? 2003లో సార్స్ అనే మరో కరోనా జబ్బు వచ్చి బతికిన 8 మందికి ఫైజర్ టీకా వేస్తే, గబ్బిలాల్లో ఉండే కరోనా వైరస్‌లను కూడా అడ్డుకునే యాంటీబాడీలు వచ్చాయి. అన్నేళ్లనాటి జ్ఞాపకం!

(ఇక్కడ అక్క కాసేపు ఆగింది. ఆ ఫలితం ఆమెకూ ఇష్టమే.)

అక్క: వాళ్లకు సోకింది వేరే వైరస్‌రా. రెండు స్పైక్‌లలోనూ ఉమ్మడిగా ఉన్న భాగాల మీద దాడి బలపడింది. నీకు సోకిన వైరస్ స్పైకూ టీకా చూపించే స్పైకూ ఇంచుమించు ఒకటే. అయినా నీకు కోవిడ్ వచ్చిందని పరీక్షలో తేలిందా?

తమ్ముడు: ...వాసన పోయింది కదా.

అక్క: ఓహో! ఇంతసేపూ వాసన మీద వాదించావా? వైరస్ లోపల ఉండే ఎన్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు ఉన్నాయేమో పరీక్ష చేద్దాం. ఈ టీకా ఒంటికి చూపించేది స్పైక్ ఒక్కటే, కాబట్టి ఎన్ యాంటీబాడీలు కనబడితే సోకినట్టే.

తమ్ముడు: లేవని వస్తే ఓడిపోయినట్టా?

అక్క: అదీ చెప్పలేం, అవి కొందరిలో తొందరగా తగ్గిపోతాయి. చెయ్యి ఇలా పెట్టు. రక్తం కోసమేలే, టీకా కాదు.