పద్దెనిమిది వందల సైన్స్ ఫెయిర్

పోయిన వారం మా పాప స్కూల్లో సైన్స్ ఫెయిర్ అయింది. పాపది తొమ్మిదో తరగతి. నెల ముందే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ప్రతి ఒక్కరూ వర్కింగ్ మోడల్ తేవాలి, నీట్‌గా ఉండాలి, దానికి మార్కులున్నాయి అని. ఆ రాత్రే ఒకావిడ గ్రూపులో ఒక షాపు కార్డు ఫొటో పెట్టింది. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో చిన్న కొట్టు. సిరంజిలతో లేచే జేసీబీ, పొగలొచ్చే అగ్నిపర్వతం, వాన నీటి సంరక్షణ, అన్నీ థర్మాకోల్ అట్టల మీద రెడీగా ఉంటాయి. మోడల్‌తో పాటు చార్టు ఫ్రీ, పిల్లలు బట్టీ పట్టాల్సిన కాగితం కూడా ఫ్రీ.

నేనూ కొన్నాను. వాన నీటి సంరక్షణ, 1,800 రూపాయలు. నేనే చెప్పేస్తున్నా, లేకపోతే కామెంట్లలో మా వదిన ఎలాగూ చెప్తుంది.

ఫెయిర్ రోజు వెళ్లి చూస్తే అదే ఇల్లు, అదే ఎర్ర కప్పు, అదే ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు వరసగా అయిదు బల్లల మీద ఉన్నాయి. చూడ్డానికి వచ్చిన పెద్దాయన మా పాప దగ్గర ఆగి, కప్పు మీంచి దిగిన నీలం పైపు చూపించి, "ఇది నేల కిందికి వెళ్లాక నీళ్లు ఎటు పోతాయమ్మా?" అని అడిగారు. మా పాప, "చార్టులో ఉంది సార్" అంది. ఆయన నవ్వి పక్క బల్లకి వెళ్లిపోయారు. ఎ ప్లస్ ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆ కొబ్బరిచెట్టుతో సహా మొత్తం చెత్తబండిలో పడింది.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. పిల్లలకు చదువుతో పాటు యాక్టివిటీస్ కావాలని మనమందరం అంటాం. నిజానికి ఇప్పుడు వాటికేం కొరత లేదు. ఫంక్షన్ హాలు తీసుకుని యాన్యువల్ డే చేస్తున్నారు. డాన్సు నేర్పడానికి బయటి నుంచి మాస్టర్ వస్తాడు, డ్రెస్సుల అద్దె మన దగ్గర కట్టించుకుంటారు, యాంకర్ కూడా బయటమ్మాయే. పిల్లలు చేసేదల్లా స్టేజీ మీద సున్నంతో గీసిన గుర్తు దగ్గర నిలబడి, ముందున్న మాస్టర్ ఎలా చేస్తే అలా చెయ్యడం. అంతా మనమే చేసి, ఫొటోలో మాత్రం వాళ్లను నిలబెడుతున్నాం.

నేను చదివింది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో. 1997లో పదో తరగతి. అక్కడ పేపరు కూడా బడికి వచ్చేది కాదు, టీ కొట్టుకే వచ్చేది. ప్రేయర్లో వార్తలు చదివే వంతు వచ్చినవాళ్లు ఏడున్నరకల్లా ఆ కొట్టు దగ్గరుండి, నాలుగు హెడ్డింగులు నోటుబుక్కులో ఎక్కించుకుని పరిగెత్తాలి. ఒకసారి నేను ప్రధానమంత్రి పేరే తప్పు చదివితే వెనక వరసలోంచి ఎనిమిదో తరగతి పిల్లాడు అరిచి సరిచేశాడు. (ఆ ప్రేయర్లో రోజూ చెయ్యి చాపి చెప్పే ప్రతిజ్ఞ రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉండగా తెలుగులోనే రాశారని నాకు నలభై దాటాక తెలిసింది. ఒక్క మాస్టారైనా అప్పుడు చెప్పుంటే ఎంత బాగుండేదో.)

ఇక స్వపరిపాలన దినోత్సవం. సర్కారు బడిలో చదివినవాళ్లకు ఈ మాట చాలు, మిగతాదంతా కళ్ల ముందుకు వస్తుంది. ఆ ఒక్కరోజు బడి పదో తరగతి పిల్లలదే. హెడ్మాస్టరు, టీచర్లు, అటెండరు అందరూ మేమే. అసలు మాస్టార్లు చెట్టు కింద కుర్చీలేసుకుని కూర్చుంటారు. అమ్మాయిలకు చీరలు. నేను మా అమ్మ చీరాల చీర కట్టుకున్నాను, పదకొండు పిన్నీసులు పెట్టింది, అయినా కుచ్చిళ్లు పట్టుకునే నడిచాను.

నాకు ఏడో తరగతి లెక్కలు ఇచ్చారు. లెక్కల్లో నాకు తొంభైకి తగ్గేవి కావు, అందుకే ధైర్యంగా వెళ్లి బోర్డు మీద గుణకారం మొదలుపెట్టాను. రెండో బెంచీలో బక్కపల్చటి పిల్లాడు లేచాడు. "టీచర్, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అన్నాడు. రూల్ అది, అన్నాను. "రూల్ ఎందుకు అలా పెట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. క్లాసంతా నా ముఖమే చూస్తోంది. చాక్‌పీసు విరిగిపోయింది. రేపు చెప్తా కూర్చో అని గదమాయించాను, అచ్చం మా మాస్టార్లు మమ్మల్ని గదమాయించినట్టే.

గంట కొట్టాక నేరుగా చెట్టు కిందికి వెళ్లి లెక్కల మాస్టారిని అడిగాను. ఆయన నవ్వి, "నీకు మూడు కొట్లలో అయిదేసి రూపాయల అప్పుందనుకో. మూడు కొట్లవాళ్లూ ఆ అప్పు కొట్టేశారు. నీ చేతిలో ఎంత మిగిలినట్టు?" అన్నారు. పదిహేను. అప్పు అంటే మైనస్, కొట్టేయడం కూడా మైనస్. పరీక్షలో ఆ లెక్క కొన్ని వందలసార్లు చేశాను, అర్థమైంది మాత్రం ఆ చెట్టు కింద. మర్నాడు ఆ పిల్లాణ్ణి వెతికి చెప్పబోతే వాడు గోళీలాటలో ఉన్నాడు. "సరే అక్కా" అని గోళీ గురి చూసుకున్నాడు. వాడికి అక్కర్లేకపోయింది. అక్కర నాకు.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. మా క్లాసులో ఒకడు, ఏ పరీక్షా గట్టెక్కనివాడు, డ్రిల్లు మాస్టారి పని నాకివ్వండి అని అడిగి తీసుకున్నాడు. ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు కాబట్టి ఇచ్చారు. మధ్యాహ్నం ఆటల పోటీలకు మూడొందల మంది పిల్లల్ని వరసలు కట్టించి, ఎవరి తర్వాత ఎవరో కాగితం మీద రాసుకుని, సున్నం గీతలు తనే గీసి, తాగునీళ్ల బిందెలు పంపు దగ్గర్నుంచి మోయించాడు. ఒక్క గొడవ లేదు. మా హెడ్మాస్టరు గారు చెట్టు కింద్నుంచి లేచి వచ్చి చూస్తూ నిలబడ్డం నాకిప్పటికీ గుర్తు. వాడు పదో తరగతి పాసవడానికి మూడుసార్లు రాశాడు. ఇప్పుడు టెంట్ హౌస్ నడుపుతున్నాడు. మా తమ్ముడి పెళ్లిలో వెయ్యి మంది భోజనాలకు వాడే దిక్కు.

ఇది చెప్తే మా ఆయన అంటారు, "మీ బడేం స్వర్గం కాదులే" అని. కాదు. అతిథి వస్తే ఎండలో గంటన్నర నిలబెట్టేవారు. స్వాగతం పళ్లేలు అమ్మాయిల చేతికే, మైకు అబ్బాయిల చేతికే. కబడ్డీ ఆడతామంటే, "మీకు టెన్నికాయిట్ చాలు" అన్నారు. అవన్నీ తప్పులే. కానీ మాకు చేయడానికి పనుండేది, చెడగొట్టే అవకాశం కూడా ఉండేది.

పేపర్ మీద మనకేం తక్కువ లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఆటస్థలం ఉండాలని ఉంది. మా పాప స్కూల్లో ఆటస్థలం అంటే వ్యాన్లు ఆగే సెల్లారు. 2020 జాతీయ విద్యావిధానం పాఠాలకూ మిగతా కార్యక్రమాలకూ మధ్య గోడలు వద్దంది. మా పాప టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉన్నచోట స్టడీ అవర్ అని స్టిక్కర్ అంటించారు, కింద గేమ్స్ అన్న అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఇన్‌స్పైర్ మనక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సొంత ఆలోచన పంపిన పిల్లలు ఎంపికైతే 10,000 రూపాయలు వాళ్ల ఖాతాలోనే వేస్తారు. ఆలోచన మాత్రం చాలాచోట్ల నాన్న యూట్యూబ్‌లోంచి తీస్తాడు. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు బడిపిల్లలకు పెట్టే చెకుముకి సైన్స్ సంబరాలకు మేం ఎంత ఎదురుచూసేవాళ్లమో! ఆ పేరు చెప్తే మా పాప స్కూల్లో టీచరు, "అది ఒలింపియాడా మేడం?" అన్నారు.

ఇలాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు మాలావత్ పూర్ణ పేరెత్తుతారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. లేదంటే వరంగల్ వైపు కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆ పిల్ల కాళ్లలో పరుగుందని ముందు కనిపెట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. ఇద్దర్నీ తల్చుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఈ కథలు చెప్పినప్పుడల్లా నాకు కొంచెం ఇబ్బందే. పతకం వస్తేనే ఆట మంచిదా? అప్పుడది ఇంకో ర్యాంకు గోలే అవుతుంది. మా టెంట్ హౌస్ వాడికి ఏ పతకమూ రాలేదు. నాకొచ్చింది కూడా ఒక్క లెక్కే.

"ఇప్పటి పోటీలో అవన్నీ కుదరవండీ, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్" అనేవాళ్లకు నా దగ్గర పెద్ద జవాబేం లేదు. పోటీ నిజమే, నా భయమూ నిజమే. పాపను ఆ స్కూల్లో చేర్పించిందీ నేనే, ఫీజు మూడు వాయిదాల్లో కడుతున్నదీ నేనే. ఒకటే అడుగుతున్నా. వారానికి రెండు పీరియడ్లు పోతే ఏ సీటు పోతుందో ఎవరైనా లెక్క చూపించండి. ఆ రెండు పీరియడ్లలో పిల్లలే ఏదో ఒకటి పెట్టుకోనివ్వండి, పాడైతే పాడైంది. వంకర అక్షరాలతో గోడపత్రిక రానీ. అట్టపెట్టెతో చేసిన మోడల్ మధ్యలో ఆగిపోనీ. నీళ్లు ఎటు పోతాయని అడిగితే, "తెలీదు సార్, మాది లీకవుతోంది" అని చెప్పనీ.

శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. గేమ్స్ పీరియడ్ మీది ఆ స్టిక్కర్ గురించి అడుగుతానన్నాను. మా ఆయన, "ఎందుకులే, పాప మీద కోపం పెట్టుకుంటారు" అంటున్నారు. మా పాప మాత్రం ఇందాక వచ్చి, "అమ్మా, అడిగితే అడిగావు గానీ, నా పేరు చెప్పకు" అంది.